డ్రాబారు విప్పిన రోజు

రెండు నెలల కిందట బంధువుల ఇంట పెండ్లి చూసుకొని తిరిగి వస్తూ ఉంటే, రాప్తాడుకు ఇవతల పెద్దరోడ్డు పక్కన కొత్తగా కట్టిన ఒక హోటలు ముందు కాఫీ తాగుదామని కారు నిలిపినారు. హోటలు ముంగిట సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద పాతకాలపు చిన్న ట్రాక్టరు ఒకదాన్ని నిలబెట్టి, ఒళ్లంతా ఎర్రరంగు పూసి, టైర్లకు తెల్లరంగు వేసి, మడ్‌గార్డుల మీద పూలకుండీలు పెట్టి ఉన్నారు. పట్టుచీరల్లో ఉన్న ఆడపిల్లలు దాని ముందు నిలబడి ఫోటోలు తీసుకొంటున్నారు. అందరూ ముందువైపే. నేను మాత్రం వెనక్కి పోయినాను. ట్రాక్టరుతో సేద్యం చేసినవాడు ఎవడైనా అంతే. మొదట ఇంజను చూడడు, వెనుక ఏం తగిలించి ఉందో చూస్తాడు, ఎందుకంటే పని జరిగేది వెనుక, ముందున్నదంతా ఆ పనికి బలమిచ్చేది మాత్రమే.

వెనుక చూసి నాకు ఒళ్లు మండింది. దున్నే గొర్రును పట్టి ఎత్తే కింది ఇనుపచేతులు రెండింటినీ కుడిది ఎడమకు, ఎడమది కుడికి బిగించి ఉన్నారు. వాటి నడుమ పైన ఉండవలసిన టాప్ లింకు కడ్డీని తలకిందులు చేసి ఇనుపతీగతో కట్టి ఉన్నారు. తెలియనివాడు అడిగి తెలుసుకోవచ్చును, అడగడానికి మనిషి దొరకకపోతే ఊరికే ఉండవచ్చును, కానీ తెలియకుండా బిగించి, దానికి రంగు కూడా పూసి, నలుగురికి చూపించడం ఏం పని అని నాలో నేను గొణుక్కుంటూ, కుడివైపు చేతి మీది రంగును గోటితో గీకినాను. రంగు కింద ఉలితో కొట్టిన చుక్కలు రెండు వేలికి తగిలినాయి. ఎడమవైపు దాన్ని గీకితే ఒక్క చుక్క. టాప్ లింకు మీద మూడు. కుడికి ఒకటి, ఎడమకు రెండు, పైదానికి మూడు అని, విప్పినప్పుడు ఒకదాని బదులు ఇంకొకటి బిగించకుండా ఉండేందుకు, నలభై ఎనిమిదేండ్ల కిందట మా ఇంటి ముందు కూర్చొని ఆ చుక్కలు కొట్టినవాణ్ణి నేనే.

వంగి ఇరుసు కిందికి చూసినాను. డ్రాబారు లేదు. బండ్లనూ, లారీలనూ లాగవలసి వచ్చినప్పుడు గొలుసు తగిలించే ఆ మందపాటి ఇనుపపట్టీ ఉండవలసిన చోట, పిన్ను దూర్చే రంధ్రం ఒకటి ఖాళీగా కనిపించింది. అది అక్కడ ఉండదని నాకు తెలుసు. అది నా ఇంట్లో ఉంది.

నేను రాసిపెట్టుకొనే అలవాటున్న మనిషిని. ఇరవై రెండేండ్ల వయసు నుండి ఇప్పటివరకు రాసిన పుస్తకాలు వరుసగా సంఖ్యలు వేసి బీరువాలో పెట్టుకొన్నాను. వాటిలో మొదటిది ఈ ట్రాక్టరు పుస్తకం, నీలిరంగు అట్టది. మా అన్న తన తొందరపాటుతో తన నడుము తానే విరగ్గొట్టుకొన్నాడని మా ఊరు ఇన్నేండ్లుగా చెప్పుకొంటున్న మాట అబద్ధమని తెలిసిన మనిషి ఈ లోకంలో మొన్నటిదాకా నేనొక్కడినే. అది అబద్ధమని చూపే పుట ఆ నీలి పుస్తకంలో ఉంది. ఆ పుటను ఇన్నేండ్లు ఎవరికీ చూపలేదు. ఎందుకు చూపలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను, నా ఈడువాళ్లైనా చదివి ఏమనుకోవాలో అనుకొంటారని.

మాది రాళ్లనేల, వానల మీద బతికే ఊరు. మా వైపు వాన పడితే భూమిలో పదును రెండు దినాలు, మహా అయితే మూడు దినాలు నిలుస్తుంది. ఆ లోపల దున్ని వేరుశనగ విత్తుకోవాలి, లేదంటే ఆ ఏటికి అంతే. ఎద్దులు రెండు జతలుంటే ఆ మూడు దినాల్లో ఎంత నేల కదుపుతాయి? అందుకని నాయన, ఎవరు వద్దన్నా వినకుండా, ఎవరో వాడి అమ్మేసిన ఈ చిన్న ట్రాక్టరును గుంతకల్లు వైపు నుండి కొని తెచ్చినాడు. అప్పటికే దానికి పదేండ్లు పైబడినాయి. అన్నకు అప్పుడు ఇరవై ఎనిమిది, పెండ్లయి నాలుగేండ్ల కూతురుంది. నాకు ఇరవై రెండు. తోలడం అన్న పని, దాని బాగోగులు చూసి రాసిపెట్టడం నా పని అని నాయన పంచినాడు.

మొదటిసారి గొర్రును తగిలించి, అన్న సీటు పక్కనున్న లివరును వేలితో పైకి నెట్టినప్పుడు, తొమ్మిది కర్రుల ఆ ఇనుపగొర్రు భూమిలోనుండి తనంతట తాను లేచి గాలిలో నిలిచింది. మాకు ఇప్పుడది వింత కాదు, కానీ చేను చివర ఎద్దులను తిప్పేటప్పుడు ప్రతి సాలుకూ గుంటకను చేతులతో, భుజంతో ఎత్తి తిప్పినవాళ్లకు అదేమిటో తెలుస్తుంది. నాయన కుడిభుజం మీద కాయకాచిన చోటు ఒకటి ఉండేది. ఆ గొర్రు లేచినప్పుడు నాయన చేయి పెట్టి ఆ కాయను తడుముకొన్నాడు. పక్కనే ఉన్న మా అవ్వ మాత్రం నోటికి కొంగు అడ్డం పెట్టుకొని, "ఇదేందిరా, కుక్క కాలెత్తినట్ల ఎత్తుతాండాది!" అనింది. చేలో ఉన్న ఆడవాళ్లంతా కూర్చొని నవ్వినారు. ఆ తరువాత చాలా దినాలు మా ఊళ్లో లిఫ్టు అనేవాళ్లు కారు, కాలెత్తేది అనేవాళ్లు.

కానీ అది ముసలి బండి. లిఫ్టులో నూనె ఒత్తిడి పట్టి ఉంచే రబ్బరు రింగు ఒకటి ఉంటుంది. అది అరిగితే ఎత్తిన గొర్రు నిలవదు, కొంచెం కొంచెంగా దిగజారుతుంది. నేను పొద్దున గొర్రును ఎత్తి పెట్టి, అది గోడ మీద ఏ ఎత్తున ఉందో సుద్దతో గీత గీసి, మధ్యాహ్నానికి ఎన్ని వేళ్లు దిగిందో కొలిచి రాసుకొనేవాణ్ణి. మొదట్లో రెండు వేళ్లు, ఆర్నెల్లకు ఐదు వేళ్లు, ఆ తరువాత జానెడు. గోడ మీద ఆ సుద్దగీతల పక్కనే నా నియమాలు కూడా రాసి ఉండేవి. గొర్రు నేలకు దింపకుండా బండి దిగరాదు. గొర్రు ఎత్తి ఉండగా కింద చేయి పెట్టరాదు. ఏది లాగవలసి వచ్చినా డ్రాబారుకే కట్టవలెను.

చివరిదాన్ని నేను ఊరికే రాయలేదు. బండితో వచ్చిన చిరిగిన పుస్తకంలో బొమ్మ చూసి అర్థం చేసుకొని, అన్నను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పినాను. వెనుక ఇరుసు కంటే కిందినుండి బరువును లాగితే ముందుచక్రాలు నేలను పట్టుకొంటాయి. ఇరుసు కంటే పైనుండి లాగితే బరువు కదలకపోగా, బండే ముందుచక్రాలు లేపి వెనక్కి తిరగబడుతుంది. డ్రాబారు ఇరుసు కింద ఉంటుంది, టాప్ లింకు బిగించే చెవి ఇరుసు పైన ఉంటుంది. తేడా మూరెడు మాత్రమే, కానీ ఒకటి బతుకు, ఒకటి చావు. అన్న శ్రద్ధగానే విన్నాడు. నన్ను ఎగతాళి చేసేవాడు గానీ నా మాట తప్పేవాడు కాడు. నన్ను కరణం అని పిలిచేవాడు. సాయంత్రం నేను పుస్తకం తెరవగానే, "ఏమప్పా కరణం, ఈ పొద్దు నా తప్పులెన్ని రాస్తివి?" అనేవాడు. "నేను సచ్చినా ఎన్ని గంటలకు సచ్చినానో రాసి సంతకం పెట్టిస్తావు గదరా నువ్వు" అని ఒకసారి అంటే, వదిన చేట పక్కన పెట్టి అన్నను గద్దించింది.

అన్న వేగంగా నడిచేవాడు, వేగంగా తినేవాడు, మాట కూడా వేగమే. అందువల్ల ఊళ్లో ఆయనకు తొందర మనిషి అని పేరు. ట్రాక్టరు మీద మాత్రం ఆయనంత నిదానస్తుణ్ణి నేను చూడలేదు. ఈ సంగతి నా పుస్తకంలో తప్ప ఇంకెక్కడా లేదు.

మూడో ఏడు ముంగారు వాన ఆలస్యంగా పడింది. పడిన మరుసటి దినం ఊరంతా మా ఇంటి ముందే నిలబడింది. లిఫ్టు అప్పటికి బాగా బలహీనమై, గొర్రు కిందికి జారకుండా ఉండాలంటే లివరును చివరిదాకా ఎత్తి ఉంచవలసి వచ్చేది; అంత పైకి లేస్తే గొర్రు చట్రం డ్రాబారు తోకకు కొట్టుకొనేది. అందుకని పొద్దున్నే నేను డ్రాబారును విప్పి గోడకు ఆనించి, దాని లావుపాటి పిన్నును, ఎక్కడైనా పోతుందేమోనన్న జాగ్రత్తతో, నా సామాన్ల పెట్టెలో పెట్టి తాళం వేసినాను. పుస్తకంలో ఇట్లా రాసినాను: డ్రాబారు విప్పినాను. గొర్రు దింపిన వెంటనే మళ్లీ బిగించవలెను.

మూడు దినాలు అన్న దున్నినాడు. మూడో దినం సాయంత్రం గొర్రును బండినుండి విప్పి దింపినాము. ఆ వెంటనే నేను డ్రాబారు బిగించి ఉండవలసింది. బిగించలేదు. మరుసటి దినం అనంతపురం పోయి కొత్త రబ్బరు రింగు తెచ్చి లిఫ్టు విప్పాలని అనుకొన్నాము కదా, అప్పుడు ఎట్లాగూ ఆ వెనుకభాగమంతా విప్పవలసిందే, ఒకే పనికి రెండుసార్లు ఎందుకు అని నా లెక్క. తీరైన లెక్కే. పొద్దున మొదటి బస్సుకు పోయినాను. పెట్టె తాళంచెవి ఎప్పటిమాదిరి నా మొలతాటికి కట్టుకొని పోయినాను.

ఆ దినం జరిగినదాన్ని నేను కళ్లతో చూడలేదు. తరువాత ఒక్కొక్కరినీ విడివిడిగా అడిగి, వాళ్లు చెప్పినది పక్కపక్కన రాసి, పొసగనివి తీసివేసి, మిగిలినది ఇక్కడ చెబుతున్నాను. ఊరికి పడమరగా ఉన్న వంకలో, బోరు వేయడానికి వచ్చిన లారీ ఒకటి ఇసుకలో దిగబడింది. ఎగువన కొండ మీద మబ్బు కమ్మి వాన దిగుతూ ఉంది. మా వైపు వంకలు ఎట్లా వస్తాయో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు; ఏడాదంతా ఎండి ఉండి, పైన వాన పడిన గడియకు కింద మనిషెత్తు నీళ్లు వస్తాయి. లారీవాళ్లు పరుగున వచ్చి అన్నను పిలిచినారు. అన్న ట్రాక్టరు తోలుకొని వంకకు పోయినాడు. గొలుసు కట్టడానికి డ్రాబారు లేదు. కింది చేతులకు కట్టి చూసినారు; లిఫ్టులో బలం లేక చేతులు వాలిపోయి గొలుసు జారింది. అప్పుడు టాప్ లింకు చెవికి కట్టినారు. చూడడానికి అది మిగిలినవాటికన్నా గట్టిగానే కనిపిస్తుంది. అన్న క్లచ్చు వదిలినాడు. లారీ కదలలేదు. ట్రాక్టరు ముక్కు ఆకాశానికి లేచి, వెనక్కి పడింది.

నేను సాయంత్రం బస్సు దిగేసరికి అన్నను అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకుపోతూ ఉన్న జీపు నాకు ఎదురైంది. నా చేతిలో కాగితంలో చుట్టిన రబ్బరు రింగు ఉంది.

ప్రాణం పోలేదు. నడుము కింద చచ్చుబడిపోయింది. ఆ ముంగారు వాన పడినది మొదలు ఆసుపత్రిలో కళ్లు తెరిచేవరకు ఒక్కటీ ఆయనకు జ్ఞాపకం లేదు. ఇక ఊరికి ఏం కావాలి? లారీవాళ్లు తమ మీదికి రాకుండా, మేము వద్దంటున్నా ఆయనే పైన కట్టినాడని చెప్పి పోయినారు. తొందర మనిషి, అంతకు ముందే అందరికీ తెలిసిన సంగతి అని ఊరు తీర్పు చెప్పింది. నాయన కూడా, ఇంటికి వచ్చినవాళ్ల ముందే, డ్రాబారు లేకుండా బండి తీసినవాడు వీడేనని తలకొట్టుకొన్నాడు. ఇంత నిదానంగా పనిచేసిన మనిషిని, మూడేండ్లలో ఒక్కసారి కూడా గొర్రు దించకుండా బండి దిగని మనిషిని, నడక వేగం చూసి తొందరవాడని తేల్చినవాళ్ల మీద నాకు ఈ పొద్దుకూ కోపమే. కానీ ఆ కోపానికి అప్పుడు నోరు లేదు.

నేను ఆసుపత్రినుండి వచ్చిన మరుసటి దినం నా సామాన్ల పెట్టె తెరవబోయి ఆగినాను. తాళం మీద కొత్తగీతలు ఉన్నాయి. స్పానరు దూర్చి విరగదీయడానికి చేసిన గీతలు. గొళ్లెం ఒకవైపు వంగి ఉంది. అప్పటికి మంచం పట్టి ఉన్న అవ్వను అడిగితే, "ఆ పొద్దు మీయన్న గాలిమాదిరి వచ్చి, ఆ పెట్టెను గుంజి గుంజి, మళ్లా ఉరికిపాయె" అనింది. ఏం వెతికినాడో ఆమెకు తెలియదు. వదిన ఆ సమయానికి చేలో ఉంది, నాయన పక్కఊళ్లో ఉన్నాడు. ఆ గీతలను చదవగలిగినవాణ్ణి నేనొక్కడినే. అన్న నియమం మరవలేదు. వంకనుండి వెనక్కి తిరిగి ఇంటికి వచ్చినాడు. గోడకు ఆనించి ఉన్న డ్రాబారును చూసినాడు. పిన్ను కోసం వెతికినాడు. ఆ లావు పిన్నుకు బదులు పెట్టేది ఇంట్లో ఇంకొకటి లేదు. తాళం విరగలేదు. కొండ మీద వాన దిగుతూ ఉంది, వంకలో మనుషులున్నారు. పోయినాడు.

నేను తాళం మార్చినాను. పాత తాళాన్ని పెట్టె అడుగున పెట్టినాను.

అన్న తొమ్మిదేండ్లు పడసాలలో మంచం మీద ఉన్నాడు. మొదటి ఏడాది తిరగకముందే, ఒక మధ్యాహ్నం నన్ను పిలిచి, "కరణం, నీ పుస్తకం తీసి సూడప్పా. ఆ డ్రాబారు నేనే ఇప్పితినా?" అని అడిగినాడు. ఆయనకు నామీద అనుమానం లేదు. తనకు తెలియకుండా పోయిన ఆ దినాలను నా పుస్తకంలో వెతుక్కోవాలనుకొన్నాడు, అంతే. ఊరందరి మాట ఒక ఎత్తు, నా పుస్తకం మాట ఒక ఎత్తు ఆయనకు. నేను పోయి నీలి పుస్తకం తెచ్చి, ఆయన ఎదురుగానే కూర్చొని, పుటలు తిప్పి, ఆ పుట తెరిచినాను. డ్రాబారు విప్పినాను అని నా చేతిరాతతో, నేను ఎప్పుడూ రాసే వంకాయరంగు సిరాతో, కళ్లముందే ఉంది. నేను దానివైపే చూస్తూ, "ఆ పొద్దు ఏమీ రాయలేదన్నా" అన్నాను.

"నువ్వు రాయని పొద్దు గూడా ఉండాదా?" అని అన్న నవ్వినాడు. తరువాత పైకప్పు దూలాల వైపు చూస్తూ, "అట్లయితే నేనే ఇప్పింటాలే. నా తొందర నాకు తెలీదా" అన్నాడు.

ఆ సాయంత్రమే నాయనను పిలిచి, మంచంలోనుండే చేతులు జోడించి, బండిని నాశనం చేసినందుకు మన్నించమని అడిగినాడు. నేను వాకిట్లో నిలబడి విన్నాను.

పాఠకులు ఇక్కడ నన్ను ఏమైనా అనుకోవచ్చును. నేను అనుకోనిది మీరు కొత్తగా అనుకొనేది ఏమీ ఉండదు. ఈ వారం చెబుతాను, వచ్చే వారం చెబుతాను అని తొమ్మిదేండ్లు గడిపినాను. ఆయనకు స్నానం చేయించినాను, మంచం మీద పుండ్లు పడకుండా పక్క మార్చినాను, కదిరి తేరు చూస్తానంటే వీపున మోసుకొని తీసుకుపోయినాను. అన్నీ చేసినాను, చెప్పడమొక్కటి తప్ప. నాయన ట్రాక్టరును వచ్చిన ధరకు అమ్మేసినాడు. డ్రాబారు మాత్రం బండితో పోలేదు. అడిగినవాళ్లకు కనిపించడం లేదని చెప్పి, గోనెసంచిలో చుట్టి అటక మీద పెట్టినాను. అది నా రెండో అబద్ధం. ప్రతి ఏడూ తొలివాన పడిన దినం దాన్ని దించి, తుప్పు పట్టకుండా నూనె రాసి, పిన్నుకు కూడా రాసి, మళ్లీ చుట్టి పెట్టినాను. నూనె రాసిన సంగతి పుస్తకాల్లో ఏటేటా ఉంది.

అన్న పోయిన దినం నేను పుస్తకం తెరవలేదు. ఎన్ని గంటలకు పోయినాడో రాయలేదు. ఆ పొద్దు మాత్రం నిజంగానే ఏమీ రాయలేదు.

వదిన ధర్మవరం పోయి మగ్గాల ఇండ్లలో కండెలు చుట్టే పని నేర్చుకొని కూతుర్ని పెంచింది. నా సంపాదనలో భాగం ఇస్తానంటే తీసుకోలేదు. ఆ పాప చిన్నప్పుడు ఏ గిన్నె జారవిడిచినా, వీధిలో ఎక్కడ ఉరికినా, ఇంట్లోవాళ్లు, బయటివాళ్లు ఒకేమాట అనేవాళ్లు: నాయన పోలిక. ఆ పిల్ల పెద్దదై నిదానం మనిషైంది. తలుపు గడియ వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. ఇప్పుడు తనకల్లులో ఉంది, మనవళ్లు కూడా పుట్టినారు. వదిన ఆమె దగ్గరే ఉంటుంది.

హోటలు దగ్గర ఆ చుక్కలు చూసిన తరువాత నాకు నిద్ర పట్టలేదు. నాలుగో దినం నీలి పుస్తకాన్నీ, పాత తాళాన్నీ సంచిలో పెట్టుకొని తనకల్లు పోయినాను. వదినకు చదువు రాదు. పుట తెరిచి వేలు పెట్టి, ఉన్నది ఉన్నట్టు చదివి వినిపించినాను. తాళం చేతికిచ్చి, ఆ గీతలేమిటో చెప్పినాను. అన్న అడిగినదీ, నేను చెప్పినదీ చెప్పినాను. ఆమె తాళం మీది గీతలను బొటనవేలితో తడుముతూ ఒక్కమాట అడిగింది.

"అంటే, మీయన్న ఇంటికొచ్చి ఎతికినాడా?"

"వెతికినాడు వదినా."

"ఎతికినాడు" అని తనలో తాను ఇంకొకసారి అనుకొనింది. లోపల కూతురు గిన్నెలు కడుగుతూ ఉన్న చప్పుడు, ఒక్కొక్కటి నిదానంగా బోర్లించి పెడుతూ ఉన్న చప్పుడు వస్తూ ఉంది. వదిన ఆ వైపు చూసింది. "ఈ పాప ఉరికితే కొడితి నేను. నాయన పోలిక రాకూడదని వాతలు తేలేట్ల కొడితి. నువ్వు ఆ గడపలోనే నిలబడి సూస్తాంటివి."

నా చూపు పుస్తకం మీదికి పోయింది.

"ఇంతకాలం అంతా రాస్తివే, ఎవురి కోసరం రాస్తివప్పా?" అనింది. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. తరువాత పుస్తకం మూసి నా చేతికిచ్చి, తాళం మాత్రం తన కొంగున ముడివేసుకొని, "బిగించవల్లని రాసుకుంటివి గదా, పొయ్యి బిగించు. పాపకు నేను సెప్పుకుంటా. నేను పిలిసేదాక ఈడికి రావద్దు" అనింది.

మరుసటి వారం డ్రాబారును గోనెసంచితో సహా ఆటోలో వేసుకొని రాప్తాడు పోయినాను. హోటలు యజమాని కుర్రవాడు, మంచివాడు. నేను చెప్పినది విని నవ్వి, "తాతా, అది యాడికన్నా పొయ్యే బండా? దానికి అదెందుకు?" అన్నాడు. అయినా ఇద్దరు పనివాళ్లను ఇచ్చినాడు. మొదట కింది చేతులు విప్పించి, ఒక చుక్కది కుడికి, రెండు చుక్కలది ఎడమకు బిగించినాము. టాప్ లింకు తీగ కోసి సరిగా పెట్టినాము. పనివాళ్లు డ్రాబారును ఎత్తి పట్టుకొంటే, నేను దిమ్మె మీద పడుకొని, ఇరుసు కిందికి దూరి, పిన్ను దూర్చినాను. నూనె రాసి పెట్టినది కదా, ఒక్క దెబ్బ కూడా అవసరం లేకుండా దిగింది. అంతా కలిసి అరగంట కూడా పట్టలేదు.

ఇప్పుడు మా ఊళ్లో పదును పడితే ఎవరి ట్రాక్టరు కోసం ఎవరూ ఎదురుచూడరు. కొత్త ట్రాక్టర్లకు ఎత్తిన గొర్రు దినాల తరబడి ఎత్తినచోటే ఉంటుంది, గోడ మీద సుద్దగీతలతో పని లేదు. మేము దున్నిన చేను ఉన్నచోట సూర్యకాంతిని కరెంటు చేసే పలకలు పరిచినారు, ఆ వంకలో నీళ్లు వచ్చి ఎన్నేండ్లయిందో అడిగితే చెప్పేవాళ్లు లేరు. గుంటక ఎత్తి కాయకాచిన భుజాలు పోయినాయి, గొర్రు లేస్తే నవ్విన ఆడవాళ్లు పోయినారు. అంతా తేలికైంది. అన్నకాలంలోనే ఇంత తేలికై ఉంటే నా జాగ్రత్తతో ఎవరికీ పని ఉండేది కాదు, నా తాళంతో ఎవరికీ పని ఉండేది కాదు అనిపించి, ఆ మారినవన్నీ మంచికే మారినాయని తెలిసి కూడా, వాటిమీద కూడా నాకు కోపం వస్తుంది, ఆలస్యంగా వచ్చినాయని.

ఇంటికి వచ్చి నీలి పుస్తకం తీసినాను. బిగించవలెను అన్న మాట కింద ఒక వరుస ఖాళీ ఇన్నేండ్లూ అట్లాగే ఉంది. దానిలో, బిగించినాను అని రాసినాను. అక్షరాలు వంకరపోయినాయి. పై వరుసలోని ఇరవై నాలుగేండ్లవాని చేతిరాత ఎంత పొందికగా ఉందో. ఆ హోటలు ముందు ఇప్పటికీ జనం ముందువైపే నిలబడి ఫోటోలు తీసుకొంటూ ఉంటారు. వెనుక అన్నీ వాటివాటి చోట్లలో ఉన్నాయి.

నెలరోజులు దాటింది. వదిన ఇంకా పిలవలేదు.